ఓడ దిగింది, ఫోటో దిగలేదు

ముందుగా మీకొక చిన్న ప్రశ్న. నేను కెమెరా పట్టుకున్నాను. మా అమ్మ ఎదురుగా నిలబడింది. ఇప్పుడు ఫోటో తీసింది ఎవరు? దిగింది ఎవరు?

నేను నలభై దాటాక సిడ్నీలో గుడి తరగతికి వెళ్ళి తెలుగు నేర్చుకున్నాను. మొదట్లో ఒకసారి "అమ్మ ఫోటో తీసుకుంది" అని రాశాను. మా పంతులమ్మగారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, "అమ్మ ఫోటో దిగింది" అని దిద్దారు. కెమెరా వెనక ఉన్నవాళ్ళు ఫోటో తీస్తారు, ముందు ఉన్నవాళ్ళు దిగుతారు. మనం బస్సు దిగుతాం, మెట్లు దిగుతాం, ఓడ దిగుతాం. అలాగే ఫోటో కూడా దిగుతాం. ఈ మాటను గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

కొన్నేళ్ళ తర్వాత మా బడిలో పాత బీరువా ఖాళీ చేస్తుంటే ఒక హోల్గా కెమెరా దొరికింది. హోల్గా 1982లో హాంకాంగ్‌లో పుట్టింది. ఒళ్ళంతా ప్లాస్టిక్, నా దాంట్లో లెన్సు కూడా ప్లాస్టిక్కే. చేతిలోకి తీసుకుంటే పిల్లల బొమ్మలా తేలిగ్గా ఉంటుంది. 120 ఫిల్ము రీలు ఒకటి వేస్తే 12 చదరపు ఫోటోలు వస్తాయి. దూరం సరిచేసుకోవడానికి లెన్సు చుట్టూ నాలుగు బొమ్మలున్నాయి: ఒక మనిషి, ముగ్గురు మనుషులు, ఒక గుంపు, ఒక కొండ. వెనక చిన్న ఎర్ర కిటికీ ఉంటుంది. ఒక ఫోటో తీశాక, ఆ కిటికీలో తర్వాతి అంకె కనబడేదాకా మీట తిప్పాలి. తిప్పడం మరిచిపోతే కెమెరా ఏమీ అనదు. రెండో ఫోటో కూడా మొదటి దాని మీదే పడుతుంది. అంచుల్లోంచి వెలుతురు దూరకుండా నేను నల్ల టేపు అంటిస్తాను. అయినా ఎక్కడో ఒకచోట దూరుతుంది.

ఇంత అవస్థ ఎందుకని మీరు అడగవచ్చు. మా అమ్మ కోసం. ఆమెకు ఎనభై దాటింది. ఫోను ఎత్తితే చాలు, "మళ్ళీనా!" అని మొహం తిప్పేసుకుంటుంది. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే ఒక్కో ఫోటోకు మూడు డాలర్ల పైనే అవుతుందని ఒకసారి చెప్పాను. అప్పటినుంచి హోల్గా బయటికి తీస్తే చీర సర్దుకుని, జుట్టు దువ్వుకుని మరీ నిలబడుతుంది.

మొదటి రీలు పిర్మాంట్‌లో వాడాం. అక్కడ ఇప్పుడు నీళ్ళ ఒడ్డున అపార్ట్‌మెంట్లున్నాయి. ఒకప్పుడు సి.ఎస్.ఆర్. కంపెనీ చక్కెర శుద్ధి కర్మాగారం ఉండేది. ఫిజీలో మనవాళ్ళు చెరకు నరికిన తోటలు, మిల్లులు చాలామటుకు ఆ సిడ్నీ కంపెనీవే. అమ్మ ఆ పాత రాతిగోడల పక్కన నిలబడి, "బాలో చెరకు బళ్ళు చూశాను, ఇక్కడికొచ్చి ఇది చూస్తున్నాను" అంది. మేం బా ఊరినుంచి 1987 కూ తర్వాత వచ్చేశాం.

అమ్మవాళ్ళ అవ్వ, అంటే నాకు ముత్తవ్వ, మద్రాసులో ఓడ ఎక్కింది. మద్రాసు నుంచి ఫిజీకి గిర్మిట్ ఓడలు 1903 నుంచి 1916 దాకా నడిచాయి. ఐదేళ్ళ గిర్మిట్. ఆమె ఫోటో మాకు ఒక్కటీ లేదు. మా తరగతిలో మారిషస్ నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర వాళ్ళ పూర్వీకుడి ఫోటో ఉంది. అక్కడ 1860ల నుంచే కూలీల ఫోటోలు తీసేవారు. ప్రేమతో కాదు, ఎవరు ఎవరో పట్టుకోవడానికి. ఆ ఫోటోలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఫిజీకి వెళ్ళినవాళ్ళకు ఓడ కాగితం ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రాసేవారు. మా ముత్తవ్వ కాగితంలో "ఎడమ ముంజేతి మీద గుర్తు" అని మాత్రం ఉంది. అది ఏదో దెబ్బ మచ్చ అయి ఉంటుందని అనుకుని ఊరుకున్నాం.

పోయిన వేసవిలో హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. దర్శనం అయ్యాక దోసెలు తిని, దగ్గర్లోని బాల్డ్ హిల్ ఎక్కాం. కింద స్టాన్‌వెల్ పార్క్ తీరం. 1894లో లారెన్స్ హార్‌గ్రేవ్ పెట్టె గాలిపటాలు కట్టుకుని గాల్లోకి లేచింది అక్కడే. ఇప్పుడు ఆ కొండ మీదినుంచి మనుషులు హ్యాంగ్ గ్లైడర్లతో ఎగురుతారు. అమ్మను రెయిలింగు దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీశాను. వెంటనే మూడు గ్లైడర్లు లేచాయి. ఆత్రంగా వాటినీ తీశాను. మీట తిప్పలేదు.

రెండు వారాల తర్వాత ఆ ఫోటో చూసి నాకు ఏడుపొచ్చింది. ఆకాశం అమ్మ మీద పడి, ఆమె మొహం సగం వెలిసిపోయింది. ఎడమ చేతి మీద మూడు నల్ల చుక్కలు. అవి ఆ మూడు గ్లైడర్లు. మూడు డాలర్లు దండగ అని అమ్మ అంటుందనుకున్నాను. ఆమె ఆ ఫోటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అవ్వ పచ్చబొట్టు" అంది.

మా ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. పచ్చబొట్టును గోద్నా అంటాం. పచ్చబొట్టు అన్న మాట నాకు గుడి తరగతిలోనే తెలిసింది. అమ్మ నోట అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ మాట వెనకే మిగతావన్నీ వచ్చాయి. ముంజేతి మీద ముగ్గులో పెట్టినట్టు చుక్కలు. ముక్కుకు రెండు పక్కలా పుడకలు. అవ్వ అన్నం కలిపి ముద్దలు పెట్టేటప్పుడు ఆ చుక్కలు లెక్కపెట్టేదట అమ్మ. అవ్వ పోయేసరికి అమ్మకు పదేళ్ళు. ఆ చేతిని చూసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది మా అమ్మ ఒక్కతే. ఇన్నేళ్ళలో నేను ఆమెను ఒక్కసారీ అడగలేదు. నేను టీచర్ని, ప్రశ్నలు అడగడమే నా ఉద్యోగం!

ఆ రాత్రి అమ్మ చెప్పినవన్నీ తెలుగులో రాసుకున్నాను. తప్పులున్నాయి. పంతులమ్మగారు దిద్దారు, కాని ఈసారి ఎర్ర పెన్ను వాడలేదు.

మీకు హోల్గా అక్కర్లేదు. ఏ కెమెరా అయినా సరే, పెద్దవాళ్ళను బయటికి తీసుకెళ్ళండి. ఫోటో తీశాక వెంటనే వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని, ఫోటోలో లేనివాళ్ళ గురించి అడగండి.

ఇప్పుడు అభ్యాసం. "దిగు" అన్న క్రియతో రెండు వాక్యాలు రాయండి. నావి ఇవి: మా ముత్తవ్వ ఓడ దిగింది. ఫోటో దిగలేదు.

మీ ఇంట్లో ఫోటో దిగనివాళ్ళు ఎవరు?