కాలువ వెంట ఎగువకు

పోయిన దసరా సెలవులలో ఏ క్షేత్రానికి వెళ్ళి వచ్చారని మిత్రులు అడిగితే "క్యాంపులకు" అని చెప్పాము. నవ్వారు. క్యాంపులో పుట్టినవాళ్ళు క్యాంపుకే యాత్ర పోవడమేమిటని వారి భావం కాబోలు. కాని మా ప్రయాణానికి ఒక కారణం ఉన్నది.

అమెరికాలో, యూటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, అక్కడి మార్మన్ మతస్థుల పూర్వులు వచ్చి దిగిన చోట్లన్నీ పిల్లలకు తిప్పి చూపించి మాకు ఫోటోలు పంపాడు. వారి మొదటి దండు బండ్లు కట్టుకొని 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయ చేరింది. నేల గట్టిపడి నాగలి దిగకపోతే, వాగుకు అడ్డుకట్ట వేసి తడిపి దున్నుకున్నారు. ఆ తరువాత 1856 నుంచి 1860 వరకు, ఎడ్లకు డబ్బులేని బీదలు కొందరు చేతిబండ్లు లాగుకుంటూ నడిచే వచ్చారు. ఇప్పుడక్కడ పెద్ద స్మారకం ఉన్నది. ప్రతి యేటా జూలై 24న పండుగ చేసుకుంటారు.

ఫోటోలు చూచిన మా చిన్నవాడు "మన తాతలు కూడా ఇలాగే వచ్చారన్నావుగా నాన్నా, మన స్మారకం ఎక్కడుంది?" అని అడిగాడు. మాకు జవాబు తోచలేదు.

పెద్దలకు తెలియని సంగతి కాదు గాని, పిల్లల కోసం రెండు మాటలు వ్రాస్తాము. తుంగభద్ర డ్యాంకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఎడమ ఒడ్డు హైదరాబాదు సంస్థానానిది, కుడి ఒడ్డు మద్రాసు రాష్ట్రానిది. 1953లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ 227 కిలోమీటర్లు సాగి నేటి కొప్పళ, రాయచూరు జిల్లాల నల్లరేగళ్ళను తడుపుతుంది. కాలువ సేద్యం ఎరిగిన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు, అక్కడ కొంచెం అమ్మితే ఇక్కడ ఎక్కువ కొనుక్కోవచ్చునని తరలి వచ్చారు. ఊళ్ళకు దూరంగా పొలాల మధ్యనే గుడిసెలు వేసుకున్నారు. అవే క్యాంపులు. సింధనూరు తాలూకాలో గాంధీనగర్, గంగావతి వైపు శ్రీరామనగర్ మనలో చాలామందికి తెలిసినవే.

కాలువ చివర నుంచి మొదటికి పోదామని నిశ్చయించుకొని, రాయచూరులో బస్సు ఎక్కి ముందుగా మాన్వి తాలూకాలో దిగాము. మా ఆఫీసులో పనిచేసే కన్నడ మిత్రుని ఊరు అక్కడ. వాళ్ళ నాన్నగారు మమ్మల్ని పొలానికి తీసుకుపోయి పిల్లకాలువ చూపించారు. అడుగున బురద, మధ్యలో సన్నని ధార. పక్కన పత్తిచేను తలలు వాల్చి ఉన్నది.

"కాలువ గీసిన కాగితంలో మా ఊరి పేరు కూడా ఉంది స్వామీ. నీళ్ళు మాత్రం పైనే ఆగిపోతాయి" అన్నారు కన్నడంలో. ఆ మాటలో కోపం లేదు. ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, గురెళ్ళ పొడి, గడ్డపెరుగు పెట్టారు. మేము తలవంచుకొని తిన్నాము. జొన్న, పత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పైర్లకే ఎక్కువ భాగం నీరు పారించాలని, వరి కొద్ది నేలలోనే వేయాలని మొదట ఏర్పాటు చేశారు. ఎగువన వరి పెరిగిన కొద్దీ దిగువకు నీరు తగ్గింది. ఎగువన వరి నాటిన వాళ్ళలో మా తాతగారూ ఒకరు.

మరునాడు సింధనూరు మీదుగా మా మేనత్త ఉండే క్యాంపుకు చేరాము. రోడ్డుకు రెండు ప్రక్కలా కనుచూపు మేర పొట్టమీద ఉన్న వరి. మా యింటావిడ "కృష్ణా జిల్లాకు వచ్చినట్టే ఉంది" అన్నది. అత్తయ్య 1959లో పదేళ్ళ పిల్లగా ఇక్కడికి వచ్చింది. పిల్లలను వెంటబెట్టుకొని కాలువ గట్టున ఉన్న వేపచెట్టు దగ్గరకు పోయింది.

"హొసపేటలో రైలు దిగి, ఎడ్లబండిలో వచ్చి ఈ చెట్టు కిందే దిగాంరా. అప్పుడిది మొక్క. అంతా ముళ్ళకంప, పాములు. మొదటి వానకే గుడిసె కూలిపోయింది. పక్క ఊరి కన్నడం వాళ్ళు వారం రోజులు మమ్మల్ని వాళ్ళ పంచలో ఉంచుకున్నారు. రొట్టె కొట్టడం మా అమ్మకు నేర్పింది ఆ ఇల్లాలే."

మా చిన్నవాడు ఊరుకోక "మరి కాలువ చివర వాళ్ళకు నీళ్ళెందుకు రావటంలేదు నాయనమ్మా?" అన్నాడు. అత్తయ్య కొంతసేపు మాట్లాడలేదు.

"కళ్ళముందు నీళ్ళు పారుతుంటే వరి వేయకుండా ఉండటం మా నాన్నకు చేతకాలేదు. ఆయనకు వచ్చిన విద్య అదే. కిందివాళ్ళ వంతు తింటున్నామని మొదట తెలియదు నాయనా. తెలిసిన తరువాత కూడా మానలేదు."

మూడవనాడు మునిరాబాదు వైపు నుంచి డ్యాం చూచాము. మొదట 133 టి.ఎం.సీ.లు పట్టిన జలాశయంలో పూడిక చేరి, ఇప్పుడు 105 చిల్లరే పడుతున్నది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. వారం రోజులలో తాత్కాలికపు గేటు అమర్చి నీటిని నిలబెట్టారు. ఆ వారమంతా అత్తయ్య, మాన్వి పెద్దాయన ఇద్దరూ రేడియో వార్తల కోసం కాచుకొని ఉన్నామని వేరువేరుగా మాకు చెప్పారు. ఇద్దరిదీ ఒకటే భయం.

ఇంటికి వచ్చిన తరువాత మేనల్లునికి రెండు ఫోటోలు పంపాము. ఒకటి వేపచెట్టు, రెండవది మాన్వి పిల్లకాలువ. అతడు బదులు వ్రాస్తూ, సాల్ట్ లేక్ లోయ కూడా ఖాళీ నేల కాదనీ, యూట్, షోషోనీ జనులు అంతకు ముందే అక్కడ మసలుతుండేవారనీ తెలియజేశాడు. వచ్చినవాళ్ళ కష్టం ఎంత నిజమో, ముందున్నవాళ్ళ లెక్క కూడా అంతే నిజం.

మన పెద్దలు ఒక్కొక్కరే తరలిపోతున్నారు. మీ క్యాంపులో మొదట ఎవరు దిగారో, ఏ ఊరివాళ్ళు నీడ ఇచ్చారో అడిగి వ్రాయించండి. అత్తయ్య ఆ ఇల్లాలి పేరు చెప్పగా మా చిన్నవాడు తన నోటుపుస్తకంలో తాతగారి పేరు ప్రక్కనే వ్రాసుకున్నాడు. వచ్చే సంక్రాంతికి మాన్వి పెద్దాయనను క్యాంపుకు భోజనానికి పిలవమని అత్తయ్య కబురు పెట్టింది. నీళ్ళ మాట వస్తుంది. రానిమ్మన్నది.