రాష్ట్రం లేని జట్టు

రంజీ ట్రోఫీలో పోటీపడే జట్లలో చాలావాటికి రాష్ట్రాల పేర్లో, నగరాల పేర్లో ఉన్నాయి. ఆంధ్ర, హైదరాబాద్, బెంగాల్, ముంబై, బరోడా అనగానే ఒక నేల, ఒక భాష మనసులో మెదులుతాయి. అయితే ఏ రాష్ట్రానికీ చెందని జట్లు కూడా రెండున్నాయి. ఒకటి సైనిక దళాలకు చెందిన సర్వీసెస్, రెండవది రైల్వేస్. ఈ రెండవ జట్టును గురించి మన పత్రిక పాఠకులతో నాలుగు మాటలు పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాము. మేము పుట్టి పెరిగినది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో కావడమే అందుకు కారణం.

నాటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తూర్పుతీరం వెంబడి పట్టాలు పరచి, ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు నెలకొల్పినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి ఎన్నో కుటుంబాలు ఆ దారినే బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్లాయి. మా తాతగారు ఖలాసీగా చేరారు. నాన్నగారు అదే వర్క్‌షాపులో ఫిట్టరు. 1072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం వల్ల లోకానికి మా ఊరి పేరు తెలిసింది. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న ఆ ఖ్యాతి 2013లో గోరఖ్‌పూర్‌కు, తరువాత హుబ్బళ్లికి దక్కింది. మాకు మాత్రం ఊరంటే నిమ్‌పురా, మథురాకాటీ, గోల్‌బజార్, సాయంత్రమైతే మైదానం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బంగ్లా. క్రికెట్ ఆడేటప్పుడు ఈ మూడూ కలిసిన మరొక భాష.

1990 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఢిల్లీని ఓడించి బెంగాల్ జట్టు రంజీ ట్రోఫీ గెలిచింది. 1938-39 తరువాత వారికి అదే మొదటి విజయం. సౌరవ్ గంగూలీ తొలి రంజీ మ్యాచ్ కూడా అదే. బెంగాలీ మిత్రులు మిఠాయిలు పంచిపెట్టారు. మేమూ తిన్నాము, సంతోషించాము. కానీ ఒక మిత్రుడు వేళాకోళంగా, "మీ జట్టు ఆంధ్ర కదా, అది ఎప్పుడు గెలుస్తుంది?" అన్నాడు. మేము ఆంధ్రకు వేసవి సెలవుల్లో పెళ్లిళ్లకు మాత్రమే వెళ్లేవాళ్లము. అక్కడి బంధువులు మమ్మల్ని 'ఖరగ్‌పూర్ వాళ్లు' అనేవారు. ఏది మా జట్టో ఆ రోజు చెప్పలేకపోయాము. పక్కనే కూర్చున్న మా పెద్దన్నయ్య మాత్రం తడుముకోకుండా, "మాది రైల్వేస్" అన్నాడు.

ఆ మాట అనడానికి అన్నయ్యకు హక్కుంది. అతడు వర్క్‌షాపు జట్టులో ఫాస్ట్ బౌలరు. రైల్వేస్ జట్టు చరిత్ర అతనికి కంఠోపాఠం. 1958-59లో రంజీలో అడుగుపెట్టిన ఆ జట్టుకు లాలా అమర్‌నాథ్ వంటి మహానుభావుడు ఆడారు. బుధి కుందరన్ ముందుగా భారత జట్టుకు టెస్టులు ఆడి, ఆ తరువాత రైల్వేస్ తరఫున తన మొదటి రంజీ మ్యాచ్‌లో 205 పరుగులు చేశారు. 1987-88లో ఫైనల్ చేరి తమిళనాడు చేతిలో ఓడిన వార్త వచ్చిన రోజున అన్నయ్య అన్నం ముట్టలేదు.

మరుసటి సంవత్సరమే అతనికి జోనల్ జట్టు ఎంపికకు కలకత్తా గార్డెన్ రీచ్‌నుండి పిలుపు వచ్చింది. రైల్వేలో ఇది మొదటి మెట్టు. జోన్ల మధ్య పోటీల్లో రాణించినవారికే రైల్వేస్ జట్టు తలుపు తెరుచుకుంటుంది. విధి చూడండి, సరిగ్గా అదే రోజున అతనికి ట్రేడ్ టెస్ట్ పడింది. అది గట్టెక్కితే ఉద్యోగం స్థిరపడుతుంది. నాన్నగారి పదవీ విరమణ దగ్గరపడుతున్నది. ఇంట్లో అక్కయ్య పెళ్లి మాట నడుస్తున్నది. "ఆట ఎప్పుడైనా ఆడవచ్చు నాయనా, ఉద్యోగం రెండోసారి రాదు" అన్నారు నాన్నగారు. అన్నయ్య బదులు చెప్పలేదు. ట్రేడ్ టెస్టుకు వెళ్లాడు, నెగ్గాడు. బూట్లు మాకిచ్చాడు. అవి మా కాళ్లకు పెద్దవి.

అటుపిమ్మట మేము డిగ్రీ చేతపుచ్చుకొని ఈ సంస్థలో చేరి విశాఖపట్నం వచ్చాము. రైల్వేస్ జట్టుకు మంచి రోజులు వచ్చాయి. 2000-01 ఫైనల్‌లో బరోడా చేతిలో ఓడినవారే 2001-02లో అదే బరోడాను ఓడించి తొలిసారి ట్రోఫీ అందుకున్నారు. 2004-05లో పంజాబ్‌ను జయించి మళ్లీ గెలిచారు. రెండుసార్లూ ఇరానీ కప్ కూడా వారిదే. ఆ జట్టు కూర్పు గమనించదగినది. సంజయ్ బంగర్ మహారాష్ట్రలోని బీడ్‌లో పుట్టారు, మురళీ కార్తీక్ మద్రాసులో, జై ప్రకాశ్ యాదవ్ భోపాల్‌లో. ఎక్కడెక్కడివారికో ఆ జట్టు ఒక గూడు అయింది. 2002లో లీడ్స్ టెస్టులో, మబ్బుపట్టిన వాతావరణంలో బంగర్ ఓపెనరుగా వచ్చి ఓర్పుతో చేసిన 68 పరుగులు భారత విజయానికి పునాది అయ్యాయి. అందులో అన్నయ్యకు కనిపించింది బ్యాటింగు కాదు, 'డ్యూటీ'.

ఆ రోజుల్లోనే ఖరగ్‌పూర్ స్టేషనులో మహేంద్ర సింగ్ ధోనీ టికెట్ పరీక్షకుడిగా పనిచేశాడు. 2001లో చేరి 2003 వరకు అక్కడ ఉన్నాడు. రంజీలో అతడు రైల్వేస్‌కు ఆడలేదు. బీహార్, ఝార్ఖండ్ జట్లకు ఆడాడు. మా ఆగ్నేయ రైల్వే జట్టులో మాత్రం ఆడాడు. సెర్సా మైదానంలో అతని ఆట చూసి అన్నయ్య మాకు ఫోను చేసి, "ఈ కుర్రాడు ఉద్యోగంలో ఉండడురా" అన్నాడు. అలాగే జరిగింది.

2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్‌తో మ్యాచ్. టికెట్లు సంపాదించి అన్నయ్యను పిలిపించాము. ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. స్టేడియమంతా లేచి నిలబడితే అన్నయ్య కూర్చునే ఉన్నాడు. తిరిగి వస్తూ, పదహారేళ్లుగా మింగుకున్న ప్రశ్న అడిగాము: "నాన్నగారి మీద కోపముందా?"

"ఎందుకురా? నాన్నగారు చెప్పింది నిజమే. ఆ జీతంతోనేగా అక్కయ్య పెళ్లయింది, నువ్వు ఇంజనీరువయ్యావు" అన్నాడు. కాసేపాగి, "కానీ ట్రేడ్ టెస్ట్ ఇంకో తేదీన పెట్టమని అడిగి ఉండవచ్చు. ఇచ్చేవారో లేదో. మన ఇంట్లో అడగడం ఎవరికీ తెలియలేదు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఉద్యోగమూ ఆటా ఒకదానికొకటి శత్రువులని మనం అనుకుంటాము. కానీ ఏ రాష్ట్రమూ లేని ఆ జట్టు, ఉద్యోగమనే ఆధారం మీదనే నిలబడి రెండుసార్లు దేశాన్ని జయించింది. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్ రైల్వేస్‌కు ఆడుతూనే 2005లో, 2017లో భారత జట్టును ప్రపంచకప్ ఫైనల్‌కు నడిపింది. ఢిల్లీలో రైల్వేస్ జట్టు సొంత మైదానానికి కర్నైల్ సింగ్ పేరు పెట్టారు. ఆయన అస్సాం రైలు మార్గం నిర్మించిన ఇంజనీరు. మన వృత్తివారి పేరు ఒక ఆటస్థలానికి ఉండటం మాకు గర్వకారణం.

గత సంవత్సరం మా విభాగంలోని ఒక కుర్రాడు జిల్లా జట్టు ఎంపికకు మూడు రోజుల సెలవు కోరుతూ, భయపడుతూ కాగితం తెచ్చాడు. సరిగ్గా అదే వారం యంత్రాల వార్షిక మరమ్మతు. మనుషులు చాలని మాట నిజమే. అతని షిఫ్టు మరొకరికి సర్ది, సంతకం చేశాము. అతడు ఎంపిక కాలేదు. తిరిగి వచ్చి మామూలుగా పనిలో చేరాడు. ముఖంలో నిరాశ ఉన్నది కాని, వెలితి లేదు.

ఆ సాయంత్రం అన్నయ్యకు ఫోను చేసి సంగతి చెప్పాము. అంతా విని, "ఆ అబ్బాయి ఫాస్ట్ బౌలరా?" అని మాత్రం అడిగాడు.