ఎండ ఎవరి సొత్తు?

ఇరుగుపొరుగు తగువులంటే మనకు గుర్తొచ్చేవి హద్దురాళ్లు, మురుగుకాల్వలు, ప్రహరీగోడలు. బ్రిటన్‌లో మాత్రం ఏళ్ల తరబడి పక్కపక్క ఇళ్ల మధ్య చిచ్చుపెట్టింది ఓ పచ్చని చెట్టు. దాని పేరు లేలాండ్ సైప్రస్. జనం వాడుకలో లేలాండీ.

దాని పుట్టుకే విచిత్రం. అమెరికా పశ్చిమ తీరంలో వేర్వేరు చోట్ల పెరిగే రెండు సైప్రస్ జాతులు వేల్స్‌లోని లైటన్ హాల్ తోటలో ఒకచోట చేరాయి. 1888లో ఆ రెంటి సంకరంగా పుట్టిందే ఇది. ఏడాదికి దాదాపు మీటరు పెరుగుతుంది. ఏ కాలంలోనూ బోడిగా మారదు. మన కాలనీల్లో ప్రహరీ వెంట వరసగా నాటే నిటారు అశోక చెట్లలాగే, చాటు కోరుకునేవాళ్లకు ఇది చవకైన గోడ.

చిక్కంతా ఆ గోడకు అవతలే! చలికాలంలో లండన్‌లో పగలు ఎనిమిది గంటలకు పడిపోతుంది. ఆ కాస్త వెలుగుకూ చెట్లు అడ్డొస్తే పెరడు నాచు పట్టిపోతుంది, వంటింట్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. కొమ్మ హద్దు దాటితే దాటినంత మేరా కోసుకునే హక్కు పొరుగువారికి ఎప్పటినుంచో ఉంది. ఎత్తు విషయంలోనే దిక్కు లేదు. 2003లో లింకన్ నగరంలో ఇలాంటి తగువే తుపాకీదాకా వెళ్లి ఓ ప్రాణం తీసింది.

అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన సంఘవ్యతిరేక ప్రవర్తన చట్టంలో ఎత్తయిన కంచెలకూ చోటు దక్కింది. ఇంగ్లండ్‌లో ఆ నిబంధనలు 2005 జూన్ 1 నుంచి అమలయ్యాయి. ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు రెండో అంతకన్నా ఎక్కువో వరసగా ఉండి, రెండు మీటర్లు దాటి వెలుగుకు అడ్డుపడితే స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ ఇరుపక్షాల మాటా విని, ఎంత ఎత్తుకు తగ్గించాలో నోటీసు ఇస్తుంది. కాదంటే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా. ఇల్లు అమ్మేసినా నోటీసు కొన్నవారిని వదలదు.

అలాగని రెండు మీటర్లు దాటిన ప్రతి కంచే నేరం కాదు. ఒంటిచెట్టు ఈ లెక్కలోకి రాదు. చెట్లను నరికేయమనీ, రెండు మీటర్లకన్నా కిందికి కత్తిరించమనీ కౌన్సిల్ చెప్పలేదు. నాటినవారి చాటుకూ విలువుందిగా మరి!

ఫిర్యాదుకు చాలాచోట్ల వందల పౌండ్ల రుసుము కట్టాలి. గెలిచినా ఆ సొమ్ము చెట్ల యజమాని ఇవ్వాలన్న నియమమేమీ ఇంగ్లండ్‌లో లేదు. అన్నిటికన్నా ముందు, పొరుగువారితో మాట్లాడి సర్దుకోవడానికి ప్రయత్నించామని చూపించాలి. లేదంటే కౌన్సిల్ ఫిర్యాదును పక్కనపెట్టేయొచ్చు. అసలు కష్టం ఇక్కడే. అయిదారేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఏమని తలుపు తడతారు? కత్తిరించే ఎత్తు కౌన్సిల్ తేలుస్తుంది. ఆ తొలి పలకరింపు మాత్రం ఇంటివారి పనే.