యాత్రబండిలో తుపాకి

కడప, కర్నూలు సీమలలో పుట్టి మెట్టిన స్త్రీలకు తుపాకి క్రొత్త వస్తువు కాదు. మహానవమినాడు ఆయుధపూజలో కొడవలికిని, నాగలికిని, మోటారుబండికిని కుంకుమబొట్టు పెట్టిన చేతితోనే గోడవార నిలిపిన తుపాకికిని పెట్టుచున్నాము. కాని ఆ వస్తువు ఎవరి పేర నున్నది, ఎంతదూరము పోవచ్చును, అది ప్రక్కనుండగా మనము బండిలో కూర్చుండినచో మనపై పడు బాధ్యత యెట్టిది అను సంగతులు మనలో చాలమందికి తెలియవు. అవి మగవారి మాటలని విడిచిపెట్టుదుము. యాత్రకు పెట్టెలు సర్దునది మనము. పిల్లలను లెక్కపెట్టి యెక్కించునది మనము. చిత్రాన్నపు గిన్నె ఒలికిపోకుండ ఎచ్చట నుంచవలెనో చెప్పునది మనము. సీటుక్రింద నున్న పొడుగుపాటి గుడ్డసంచిలో ఏమున్నదని అడుగుటకు మాత్రము నోరు రాదు. ఆ సంచిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ సీమలో ఆయుధమునకును ప్రయాణమునకును పొత్తు నేటిది కాదు. 1800 సంవత్సరమున నిజాము ఈ జిల్లాలను కుంపిణీవారికి వదలినప్పుడు ఇచ్చట పాళెగాండ్రు తమ తమ కోటలలో సాయుధులైన బంట్లతో నుండిరి. మన్రో దొర 1807 వరకు ఇచ్చటనుండి వారి బలము నణచెను. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసిరి. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధముల చట్టముతో లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదను కట్టడి దేశమంతటను ఏర్పడినది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దానిని తీసివేసి 1959లో వేరొక చట్టము చేసిరి. నేడు నడచుచున్నది ఆ చట్టమే. ఆ తరువాత గ్రామకక్షల కాలము వచ్చినది. ఒక యూరినుండి మరియొక యూరికి పెండ్లికి పోవలెనన్నను జీపులో ముందొకరు వెనుకొకరు ఆయుధముతో కూర్చుండినగాని బయలుదేరని యిండ్లుండెడివి. 1999 తరువాత వచ్చిన సినిమాలు ఆ బండ్లనే చూపి చప్పట్లు కొట్టించుకొన్నవి. ఆ యిండ్లలో మిగిలిపోయిన ఆడువారిని చూపుటకు వారికంత తీరిక లేకపోయినది.

మా మామగారి తుపాకియు ఆ దినములలో కొన్నదే. పన్నెండు బోరు, రెండు గొట్టములది. దైవకృపవలన అది ఏనాడును మనిషిమీద పేలలేదు. కక్షలు చల్లబడినవి, జీపు పోయి సుమో వచ్చినది, సుమోయు పోయి ఇప్పుడు ఇంటిల్లిపాదియు పట్టునట్టి టెంపో ట్రావెలరును అద్దెకు తెచ్చుకొని యాత్రలకు పోవుచున్నాము. పొలిమేర దాటినచో తుపాకి వెంట నుండవలెనను ఆయన అలవాటు మాత్రము పోలేదు. మేము తోడికోడండ్రము ముగ్గురమును కాపురమునకు వచ్చిన నాటినుండి ఆ సంచిమీద కాళ్లు పెట్టుకొనకుండ ముడుచుకొని కూర్చుండుటకు అలవాటు పడితిమి.

మా బంధువులలో ఒకరి యింట జరిగిన సంగతి మమ్ము మేలుకొలిపినది. లైసెన్సు ఆ యింటి పెద్దాయనది. ఆయన మోకాళ్ల నొప్పులతో ఇంటనే నిలిచిపోగా కుమారుడు పెండ్లికి పోవు బండిలో తండ్రి తుపాకిని వేసికొని బయలుదేరెను. ఎన్నికల తనిఖీలో బండి నాపిరి. తుపాకి ఉన్నది, కాగితమును ఉన్నది, కాగితములోని మనిషి మాత్రము లేడు. పట్టుచీరలతో నున్న ఆడువారందరును రాత్రి పొద్దుపోవువరకు పోలీసు స్టేషనులో బల్లలమీద కూర్చుండిరి. ఆ యింటి కోడలు తరువాత మాతో అన్నమాట ఒక్కటే: “నేనేం చేసినానక్కా? బండిలో కూసున్న్యా, అంతే గదా!”

అంతే కాదని చట్టము చెప్పుచున్నది. 1959 నాటి చట్టములో 35వ సెక్షను కలదు. పలువురు కలిసి యున్న యింటిలోగాని, కలిసి పోవుచున్న బండిలోగాని చట్టమునకు విరుద్ధమైన ఆయుధము దొరకినచో, అది అచ్చట నున్నదని ఎరిగినవారని నమ్ముటకు కారణమున్న ప్రతివారును ఆ నేరము తామొక్కరే చేసినట్లుగా బాధ్యులగుదురు. కాదని ఋజువు చేసికొనవలసిన భారము వారిదే. ఆడువారికి మినహాయింపు లేదు. లైసెన్సు లేని తుపాకిని దగ్గర నుంచుకొన్నందుకు 2019లో శిక్షను పెంచిరి. ఇప్పుడది రెండేండ్లకు తక్కువ కాకుండ ఐదేండ్ల వరకు చెఱసాల, జరిమానాయును. సీటుక్రింద ఏమున్నదని అడుగకుండుట మర్యాద యనుకొంటిమి గాని, మన కాళ్లక్రింద నున్నదానిని మన మెరుగమని ఏ న్యాయాధికారి నమ్మును?

కావున బండి యెక్కుటకు ముందు లైసెన్సును అడిగి చదువుకొనవలెను. అది పెద్ద విద్య కాదు. రేషనుకార్డు చదువగలవారు దీనిని చదువగలరు. మొదట పేరు చూడవలెను. లైసెన్సు మనిషికే గాని ఇంటికి కాదు. లైసెన్సుదారు ఎదుట నుండగా ఆయన వాడుకకొఱకు మరియొకరు మోయవచ్చును. మరమ్మతుకో, లైసెన్సు తిరిగి వ్రాయించుటకో ఆయన వ్రాసియిచ్చిన ఉత్తరముతో తీసికొనిపోవచ్చును. అంతకు మించి తండ్రి తుపాకి కొడుకుది కాదు. పిమ్మట గడువు తేది. పూర్వము మూడేండ్లకొకసారి తిరిగి వ్రాయించవలసి యుండగా 2019 సవరణతో ఐదేండ్లైనది. గడువు పొడుగైనకొలది మఱపును ఎక్కువగును. తుపాకిమీద చెక్కిన అంకెయు కాగితములోని అంకెయు ఒక్కటిగా నున్నవో లేవో చూడవలెను. తూటాలు ఎన్ని యుంచుకొనవచ్చునో అందులోనే యుండును. ఆ 2019 సవరణతోనే ఒకరి పేర మూడు తుపాకులకు బదులు రెండు మాత్రమే యుండవలెనని తగ్గించిరి. పెండ్లి ఊరేగింపులో సంబరమునకు కాల్చి ఇతరుల ప్రాణమునకు ముప్పు తెచ్చినవారికి రెండేండ్ల వరకు చెఱ, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించుటకు ఏర్పాటు చేసిరి.

అన్నిటికంటె ముఖ్యముగా చూడవలసినది ఆ లైసెన్సు ఎచ్చటివరకు చెల్లునను మాట. కర్నూలు వారు దీనిని మరింత గుర్తుంచుకొనవలెను. జోగులాంబను చూచివత్తమని ఉదయము తలంటి పోసికొని బయలుదేరినవారు తుంగభద్ర వంతెన దాటగానే తెలంగాణములో నుందురు. 2014 జూన్ 2 నుండి అది వేరు రాష్ట్రము. కాగితములో ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే యున్నచో వంతెన నడుమనే దాని చెల్లుబాటు ముగిసినది. బళ్లారికి చుట్టాలింటికి పోవువారికిని, బెంగుళూరికి పోవువారికిని ఇదే మాట. హద్దు దాటక తప్పనివారు ముందుగా లైసెన్సిచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టి అనుమతి వ్రాయించుకొనవలెను. ఏ పోలీసు ఉద్యోగియైనను లైసెన్సు చూపుమని అడుగవచ్చును. అది ఇంటి బీరువాలో భద్రముగా నున్నదని చెప్పిన ప్రయోజనము లేదు.

ఇక అడవిదారి. కడపనుండి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల, ఆత్మకూరు, దోర్నాలల మీదుగా శ్రీశైలము పోవువారు నల్లమలలో పులుల సంరక్షణకై కేటాయించిన భాగముగుండ పోవుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి ముందుగా వ్రాతమూలకమైన అనుమతి లేనిదే ఆయుధముతో ప్రవేశింపరాదు. మల్లన్నను చూడబోవుచున్నాము, జింకను కొట్టుటకు కాదని చెక్‌పోస్టులో ఎంత చెప్పినను ఆయుధము ఆయుధమే. అంతేకాదు, అభయారణ్యమునకు పది కిలోమీటర్ల లోపల కాపురముండి లైసెన్సు కలవారు తమ పేర్లను అటవీశాఖవారియొద్ద నమోదు చేయించుకొనవలెనని ఆ చట్టములోనే యున్నది. అడవిపందులనుండి పైరును కాపాడుకొనుటకు తుపాకి యుంచుకొన్న అడవియంచు రైతుల యిండ్లలో దీనిని తెలిసినవారు ఎందరో!

తిరుమల సంగతి అందరెరిగినదే. అలిపిరిలో బండి నాపి సంచులన్నియు వెదకుదురు. ఆయుధము కొండమీదికి పోదు. అప్పుడు తుపాకి యెచ్చట నుండవలెను? యాత్రకు తుపాకి తగదనుటకు మాకు తోచిన బలమైన కారణమిదియే. దర్శనమునకు అందరును వరుసలో నిలువవలసినదే. సంచిని అద్దెబండిలో, ముక్కుమొగము తెలియని డ్రైవరుకు అప్పగించి పోవుదుమా? ఒకరు దర్శనము మాని దానికి కాపలా కూర్చుందురా? మా యింట ఎన్నోమారులు మా మామగారు బండిలోనే కూర్చుండి గోపురమునకు దూరమునుండి దండము పెట్టుకొన్నారు.

తీసికొనిపోక తీరని సందర్భములో పాటింపవలసిన పద్ధతులు కొన్ని కలవు. బండి కదలకముందే తుపాకిని విరిచి రెండు గొట్టములును ఖాళీగా నున్నవని వెలుతురుకెత్తి కంటితో చూడవలెను. తీసినాననుకొన్నాను అను మాట పనికిరాదు. చాల తుపాకులలో భద్రతకై యుండు మీట ట్రిగ్గరును మాత్రమే పట్టుకొనును గాని లోపలి సుత్తిని పట్టుకొనదు. గోతులదారిలో బండి ఎగిరిపడి తుపాకి క్రిందపడినచో ఆ మీటను నమ్మరాదు. నమ్మదగినది ఖాళీ గొట్టము ఒక్కటే. తూటాలు వేరొక పెట్టెలో, తాళముతో, పిల్లల చేతికందని చోట నుండవలెను. మన వేసవిలో ఎండలో నిలిపిన బండి లోపల పొయ్యివలె కాగును. తూటాలను అందులో దినములతరబడి విడువరాదు. తుపాకి పూర్తిగా కప్పబడి లైసెన్సుదారు అదుపులోనే యుండవలెను. నలుగురిలో బయటికి తీసి చూపుట నిషిద్ధము. భోజనమునకు ఆగినచోట బండిలో విడిచి దిగరాదు.

పోయిన కార్తీకమున అహోబిలము, మహానంది, శ్రీశైలము చూచి అలంపురము మీదుగా తిరిగి రావలెనని అనుకొంటిమి. ముందునాటి రాత్రి మా అత్తగారు లైసెన్సును తెప్పించి మాచేత చదివించిరి. పేరు సరి, గడువు సరి, అంకె సరి. హద్దు ఆంధ్రప్రదేశ్. మేము అడవిమాటయు వంతెనమాటయు చెప్పితిమి. మామగారు కొంతసేపు మాటాడలేదు. “దావలో ఏమన్నా జరిగితే ఎవురు జవాబుదారీ?” అనిరి. ఆ భయము ఊరికే పుట్టినది కాదు. తన వయసువారిని, తనవెంట తిరిగినవారిని కొందరిని ఆయన రోడ్లమీదనే పోగొట్టుకొన్నారు. అందుచేత మేము నవ్వలేదు. అత్తగారే అనిరి: “ఇరవై యేండ్లాయ, దావలో ఏమీ జరగల్యా. బండిలో ఏడుమంది పిల్లకాయలుండారు. ఏమన్నా జరిగితే ఆ సంచిలోదాంతోనే జరగాల. అది వస్తే నేను రాను.”

ఆమె రానిదే యాత్ర లేదు. మరునాడు ప్రయాణమును ఒకదినము వెనుకకు జరిపి మామగారు తుపాకిని దాచుటకు పోయిరి. లైసెన్సు గల ఆయుధముల దుకాణములోగాని, పోలీసు స్టేషనులోగాని భద్రత కొఱకు దాచి రసీదు పొందవచ్చును. ఎన్నికలు వచ్చినప్పుడెల్లను ఇది అలవాటైన పనియే. ప్రకటన వెలువడగానే అధికారులు అడిగినవారు దాచవలెను. ఫలితములు వచ్చిన వారము తరువాత తిరిగి యిత్తురు. 2024 ఎన్నికలలోను మా తుపాకి అట్లే పోయి వచ్చినది. ఈ మారు ఎన్నికలు లేకయే దాచెదనన్నందున ఆ స్టేషనులో ఆయనను పూటంతయు కూర్చుండబెట్టిరి. ఎందుకని నలుగురు నాలుగుమార్లు అడిగిరట. “మా ఇంటామె చెప్పింది” అని ఆయన చెప్పిన జవాబు విని నవ్విరట. రసీదు మాత్రము చక్కగా వ్రాసియిచ్చిరి. దానిని అత్తగారు బంగారు తాకట్టు కాగితముల ప్రక్కన ఇనుపపెట్టెలో పెట్టిరి. శ్రీశైలములో మామగారు మొదటిమారు మాతోపాటు వరుసలో నిలిచి, మనుమరాలిని భుజముమీద నెక్కించుకొని లోనికి వచ్చిరి.

ఇప్పుడింకొక మాట వచ్చినది. ఆయనకు డెబ్బది నిండినవి. డెబ్బది నిండినవారు, లేక ఇరువదియైదేండ్లు తుపాకి యుంచుకొన్నవారు తమ వారసులలో ఒకరి పేరు సూచించి లైసెన్సు కోరవచ్చునని 2016 నాటి నియమములలో కలదు. భార్య, కొడుకు, కూతురు, కోడలు అందరును ఆ లెక్కలోనివారే. కొడుకులు ముగ్గురును మాకు వద్దన్నారు. అమ్మివేసి పీడ వదిలించుకొందమని మేమంటిమి. “నా పేరున రాపియ్యండి, తాళంచెవి నా కొంగున కట్టుకుంటా” అని అత్తగారనుచున్నారు. మామగారింకను ఏమియు తేల్చలేదు.