అది హస్తవాసి కాదు

మా మిర్యాలగూడలో బండి లైటు పోతే జనానికి సాయిబు గుర్తొస్తాడు. సాయిబంటే ఒక మనిషి కాదు. షెడ్ల వరసలో ఎక్కడ ఆగి 'ఓ సాయిబూ' అన్నా ఎవరో ఒకరు తలెత్తుతారు. మా అబ్బా నలభై ఏళ్లు అలా తలెత్తాడు. ఆయన పేరు రేషన్ కార్డులో ఉంది. ఓటర్ల లిస్టులో ఉంది, అక్కడా తప్పుగానే. బండి తెచ్చేవాళ్ల నోట్లో మాత్రం ఎప్పుడూ లేదు.

దానికి తోడు ఒక పొగడ్త. 'సాయిబు చెయ్యి పడితే చాలు, గుడ్డి లైటు గూడ ఎలుగుతది.' హస్తవాసి అంటారు. ప్లీడరుకు బుర్ర ఉందంటారు, డాక్టరుకు చదువుందంటారు. మాకు చెయ్యి ఉందంటారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన ఒక సారు 'మీవాళ్లకు పానా పట్టుడు పుట్టుకతోనే వస్తది గదరా, ఈ లెక్కలతోని నీకేం పని' అన్నాడు. కోపంతో అనలేదు. ప్రేమగానే అన్నాడు. అందుకే అది ఇంకా మానలేదు.

పుట్టుకతో ఏమీ రాదు. మా తమ్ముడు ఏడో తరగతి ఆపేసి షెడ్డుకు వచ్చినప్పుడు ఆరు నెలలు బోల్టులు కడిగాడు. ఇంకో ఏడాదికి గానీ అబ్బా వాణ్ని వైరు ముట్టుకోనియ్యలేదు. నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. ఏకాంతర విద్యుత్ ప్రవాహం పాఠం వచ్చిన ప్రతి ఏడూ నాకు బోర్డు మీద అబ్బా కనిపిస్తాడు. ఆయన చేసింది చేతి పని అన్నవాళ్లకు ఆ పని ఎట్లా జరిగేదో ఒకసారి చెప్పాలి.

స్ప్లెండర్ 1994లో వచ్చింది. అంతకు ముందు 1985 నుంచీ సీడీ హండ్రెడ్ ఉంది. మా దగ్గర పాలవాళ్లు, రైసు మిల్లుల్లో రాత్రి పని చేసే హమాలీలు, ఊళ్లు తిరిగే ఆర్ఎంపీలు, అందరివీ ఇవే బళ్లు. ఈ పాత బళ్లలో హెడ్‌లైటుకు బ్యాటరీతో పని లేదు. ఇంజను తిరుగుతుంటే మ్యాగ్నెట్ దగ్గరి కాయిల్లో పుట్టే కరెంటే లైటుకు పోతుంది. అందుకే బండి స్లోలో ఉంటే లైటు ఎర్రగా డల్లవుతుంది, ఎక్సలేటర్ తిప్పితే తెల్లబడుతుంది. హారనూ ఇండికేటర్లూ మాత్రం బ్యాటరీవి. లైటు పోయిందని వచ్చినవాళ్లలో చాలామంది 'బ్యాటరీ కొత్తదే సాయిబూ' అని ముందే చెప్పేవాళ్లు. ఎవడో అప్పటికే వాళ్లకు బ్యాటరీ అంటగట్టి ఉంటాడు.

అబ్బా వెంటనే పానా అందుకునేవాడు కాదు. బీడీ వెలిగించి అడిగేవాడు. 'ఏది ముందుగాల పోయింది? డిమ్మా, బ్రైటా?'

ఈ ఒక్క మాటలో సగం పని అయిపోయేది. ఆ బల్బులో రెండు తీగలుంటాయి, ఒక్కోటి 35 వాట్లు. డిమ్ము తీగ ఎప్పుడో తెగి, అన్నాళ్లూ బ్రైట్ మీదే నెట్టుకొచ్చి, అదీ తెగాక వచ్చాడంటే తప్పు బల్బుది. ఒక్క క్షణంలో రెండూ ఆరిపోయాయి అన్నాడంటే ఇంకో సంగతి. వెలుగుతున్న తీగ తెగుతుంది గానీ, వెలగని తీగ దాంతోపాటు తెగదు కదా. అప్పుడు తప్పు బల్బు వెనక ఎక్కడో ఉంది. హోల్డర్లోనో, స్విచ్చిలోనో, ఎర్త్‌లోనో, వైరులోనో. అట్లా కాకుండా, ఒకటి తెగితే రెండోదానికి మార్చాను, పది నిమిషాలకు అదీ పోయింది అన్నాడంటే, లేదా కొత్త బల్బు వేసిన వారానికే మళ్లీ వచ్చాడంటే, అబ్బా బల్బు జోలికే పోడు. రెగ్యులేటర్ చూస్తాడు. ఇంజను వేగం పెరిగిన కొద్దీ కాయిల్లో ఓల్టేజీ పెరుగుతుంది. దాన్ని హద్దులో పెట్టేది అదే. అది చెడితే బండి స్పీడెక్కినప్పుడల్లా బల్బు మాడుతుంది. అది మార్చకుండా వారానికో బల్బు అమ్ముకుంటూ బతకొచ్చు. బతికేవాళ్లూ ఉన్నారు.

రెండో ప్రశ్న హ్యాండిల్ గురించి. 'ఒక దిక్కు తిప్పితే ఆరిపోతుందా?' అవునంటే వైరు మెడ దగ్గర తెగింది. బండి మలిపినప్పుడల్లా అక్కడ వైరు మడత పడీ పడీ, పైన ప్లాస్టిక్ బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటీ తెగిపోతాయి. పైకి కనపడదు. గుంతలో పడ్డప్పుడు ఆరి మళ్లీ వెలుగుతుందంటే హోల్డర్ లూజు. వాన పడ్డాక మొదలైందంటే స్విచ్చిలో చిలుము. దాన్ని విప్పి పెట్రోలుతో కడిగి, ఎమరీ పేపరు రుద్దితే పోతుంది.

ఇవన్నీ అడిగాకే టెస్ట్ లాంప్ బయటికి వచ్చేది. పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికిస్తే అదే టెస్ట్ లాంప్. ఇంజను స్టార్ట్ చేసి, స్విచ్చి డిమ్ములో పెట్టి, హోల్డర్ దగ్గర తెల్ల వైరుకు ఒక కొస, పచ్చ వైరుకు ఒక కొస. వెలిగితే అక్కడిదాకా కరెంటు బాగానే వస్తున్నట్టు, బల్బు చూసుకోవాలి. వెలగకపోతే పచ్చ మీది కొస తీసి ఇంజను ఇనుముకు తాకిస్తాడు. ఇప్పుడు వెలిగిందా, ఎర్త్ తెగింది. ఇప్పుడూ వెలగలేదా, వెనక్కి నడవాలి. స్విచ్చికి, ఆ తర్వాత కాయిల్ నుంచి వచ్చే పసుపు వైరుకు. నీలం బ్రైట్, తెలుపు డిమ్ము, పచ్చ ఎర్త్. అక్షరం రాని మనిషి ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేవాడు. నేను కాలేజీలో పిల్లలకు నేర్పడానికి తంటాలు పడేది ఇదే. ఒక్కొక్క అనుమానాన్నీ పరీక్ష పెట్టి కొట్టేసుకుంటూ పోవడం. దీన్ని చెయ్యి ఎట్లా చేస్తుంది?

షెడ్డులో ఇంకో తమాషా ఉండేది. పనిముట్లకు ఉర్దూ, పార్టులకు ఇంగ్లీషు, రోగానికి తెలుగు. 'పేచ్‌కస్ లా బేటా' అని తమ్ముడితో అంటాడు, హోల్డర్ విప్పుతాడు, 'గుడ్డిగ మండుతుంది పటేలా, చిలుము పట్టింది' అని బండాయనతో చెప్తాడు. ఒక వైరు మీద మూడు భాషలు. ఏది మీ మాతృభాష అని జనాభా లెక్కలవాళ్లు అడిగితే ఉర్దూ అని రాయించాం. కానీ రోగాన్ని గుర్తుపట్టేది తెలుగులోనే అని ఏ గడిలో రాయించాలి?

లైటు అంటే పట్నంవాళ్లకు పోలీసు ఫైను. మా దిక్కు ప్రాణం. కోతలప్పుడు చూడండి, సాగర్ ఆయకట్టు ఊళ్లన్నీ రోడ్డు మీదికే వస్తాయి. ఆరబోయడానికి కళ్లాలు లేక సగం తారు రోడ్డు మీద వడ్లు పోస్తారు. రాత్రికి రాశి చేసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, అంచుల్లో రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు, నల్ల కవరు. తెల్లారగట్ల మూడున్నరకు పాల క్యాన్లు తగిలించుకుని వచ్చేవాడికి డల్లు లైటులో అది రోడ్డులాగే కనిపిస్తుంది. మా షెడ్డుకు పదేళ్లు బండి తెచ్చిన ఒక పాలాయన అట్లాగే పోయాడు. ముందు రోజు సాయంత్రం తమ్ముడు 'లైటు గుడ్డిగుంది, చూస్త ఆగు' అంటే 'రేపు' అన్నాడట. తప్పు రైతుది అందామంటే ఆయనకు వడ్లు ఆరబోసుకునే జాగా లేదు. అబ్బా ఆ వారం ఎవరి బండి వచ్చినా, బ్రేకు కోసం వచ్చినా సరే, ముందు లైటు వేసి చూసేవాడు.

ఆ భయంతో కుర్రాళ్లు ఒక పని చేస్తారు. 35 వాట్ల చోట కారు బల్బు, 60 వాట్లది, కట్టలు అరగదీసి మరీ ఎక్కిస్తారు. ఆ కాయిల్ అంత కరెంటు ఇవ్వలేదు. లైటు ముందుకన్నా ఎర్రబడుతుంది, హోల్డర్ కరిగిపోతుంది. తమ్ముడు అట్లాంటి బల్బు పీకి చేతిలో పెట్టి పంపుతాడు. వాళ్లకు కోపం వస్తుంది. హాలోజన్ బల్బుకు ఇంకో సంగతి ఉంది. దాని గాజును వేలితో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట వేడి నిలిచి గాజు చెడిపోతుంది. మోచేతుల దాకా గ్రీజు పూసుకున్న మనిషి బల్బును మాత్రం శుభ్రమైన గుడ్డతో పట్టుకునేవాడు. ఆ గుడ్డ అమ్మీ రోజూ ఉతికి ఇచ్చేది. హస్తవాసి అన్నవాళ్లకు ఆ గుడ్డ ఎప్పుడూ కనపడలేదు.

2007 మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలాయి. ఆ సెప్టెంబరులో ఒక రాత్రి ఒక ఊరి దగ్గర బండి ఆగిపోయిందని కబురొస్తే తమ్ముడు సంచి తగిలించుకుని పోయాడు. దారిలో ఆపారు. పేరు అడిగారు. మా ఊళ్లో ఎవరూ అడగని పేరు అక్కడ మాత్రం రెండుసార్లు అడిగారు. సంచిలో వైర్ల చుట్ట, చిన్న బ్యాటరీ, రెండు వైర్లు అతికించిన బల్బు. 'ఇదేంది?' టెస్ట్ లాంప్ సార్ అన్నాడు. 'ఏం టెస్ట్ చేస్తవు?' తెల్లారిందాకా కూర్చోబెట్టారు. కొట్టలేదు. కొట్టలేదని ఇంట్లో అందరం సంతోషించాం. దాని గురించి ఆలోచిస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. మిల్లు ఓనరు ఒకాయన వచ్చి 'వీడు మా మెకానిక్కే' అని చెప్తే వదిలారు. సంచి ఇచ్చారు గానీ బల్బు పగిలిపోయి ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్లు తమ్ముడు రాత్రిపూట షెడ్డు దాటి పోలేదు. దారిలో లైటు పోయినవాళ్లు బండి నెట్టుకుంటూ వచ్చారు.

ఇప్పుడు బళ్లు మారాయి. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు లైటు ఆర్పే స్విచ్చే లేదు, ఇంజను తిరిగితే వెలగాల్సిందే. 2020లో బీఎస్ సిక్స్ వచ్చింది. చాలా బళ్లకు లైటు బ్యాటరీ మీదికి పోయింది, కొన్నిటికి ఎల్‌ఈడీలు వచ్చాయి. ఎల్‌ఈడీ పోతే బల్బు ఒక్కటే మార్చడానికి లేదు, చాలా వాటికి మొత్తం డూమే మార్చాలి. షోరూముకు పొమ్మని చెప్పడం తమ్ముడికి నామోషీ. అయినా వాడు ముందు ఎక్సలేటర్ తిప్పి చూస్తాడు. లైటు పెరిగి తరిగితే పాత లెక్క, కాయిల్ నుంచి. ఒకే తీరుగా నిలిస్తే బ్యాటరీ లెక్క, అప్పుడు ముందు బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. ప్రశ్నలు మారాయి, అడగడం మారలేదు. 'డిమ్మా, బ్రైటా' అని వాడూ అడుగుతాడు. అబ్బా గొంతే.

ఏ బండికైనా, ఏ లైటుకైనా చేయాల్సిన పని ఇంకోటి మిగిలి ఉంది. దానికి వాడు పైసలు తీసుకోడు. కోతల కాలంలో సాయంత్రం చీకటి పడ్డాక, పాలవాళ్లను ఖాళీ బండి కాదు, క్యాన్లతో సహా రమ్మంటాడు. వెనక బరువు పడితే ముందు లైటు ఆకాశం చూస్తుంది కాబట్టి. బండాయన్ను సీటు మీద కూర్చోబెట్టి, ఎదురుగా గోడకు ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలబెట్టి, డిమ్ములో వెలుగు పై అంచు లైటు ఎత్తుకన్నా కొంచెం కిందుగా పడేదాకా కింది స్క్రూ తిప్పుతాడు. 'ఇంకా కిందికి పెట్టు సాయిబూ, వడ్లు కనపడాలె' అంటారు వాళ్లు. మరీ కిందికి పెడితే రాశి దగ్గరికి వచ్చాక గానీ కనపడదని వాడు చెప్తాడు. కొందరు వింటారు. కొందరు ఇంటికి పోయి మళ్లీ తిప్పుకుంటారు.