ఒక్క పాటకు ఒక సైకిలు!

తెనాలి స్టేషన్లో రైలు దిగి బయటికి రాగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు. "ఎక్కడికి సార్?" అంటారు. నేను నవ్వేసి నడక మొదలుపెడతాను. ఈ ఊళ్లో నాకు నడకంటే ఒక గౌరవం. ఎందుకో తర్వాత చెబుతాను.

మా ఊరిని 'ఆంధ్రా ప్యారిస్' అంటారని మీరు వినే ఉంటారు. ఆ ప్యారిస్‌కు ఉన్నది ఒక్కటే నది. మాకు మూడు కాలువలు! ఇక సినిమా సంగతంటారా, విజయా వారి చక్రపాణి మా ఐతానగరం మనిషి. గుమ్మడిది పక్కనున్న రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి. 1965లో 'తేనె మనసులు'తో హీరో అయిన కృష్ణ, 1943లో పుట్టింది బుర్రిపాలెంలో. 2022 నవంబరు 15న ఆయన పోయినప్పుడు ఊళ్లో చాలామంది ఇంటి మనిషి పోయినట్టే మాట్లాడుకున్నారు.

ఇలాంటి ఊళ్లో పుట్టినవాడికి సినిమా పిచ్చి పట్టకపోతేనే వింత. నాకూ పట్టింది. కాకపోతే మా ఇంట్లో టిక్కెట్టు డబ్బులు అడిగితే వచ్చేవి కావు. నాన్న బజార్లో బట్టల కొట్టు గుమాస్తా. అందుకని హాల్లోకి దొడ్డిదారి వెతుక్కున్నాను. అంటే, పనిలో చేరానన్నమాట!

అమ్మ లెక్క

మొదటి ఉద్యోగం తొమ్మిదో తరగతి సెలవుల్లో. అమ్మ చేసిన పప్పుచెక్కలు పొట్లాలు కట్టి, ఇంటర్వెల్లో బెంచీల మధ్య తిరుగుతూ అమ్మడం. రాత్రి ఇంటికి రాగానే అమ్మ నోటు పుస్తకం తీసేది. "అమ్మినవెన్ని? మిగిలినవెన్ని? తిన్నవెన్ని?" మొదటి రోజు మూడో ప్రశ్నకు "ఏమీ తినలేదు" అన్నాను. మూతి తుడుచుకోవడం మరిచిపోయాను! అమ్మ కోప్పడలేదు. "తింటే తిను నాన్నా. లెక్కలో మాత్రం రాయి" అంది. ఇప్పటికీ ఖర్చులు రాసుకునేటప్పుడు ఆ మాటే గుర్తొస్తుంది.

టోకెను నంబరు 64

2003 వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి, ఒక హాలు సైకిలు స్టాండులో చేరాను. సైకిలుకు రూపాయి. రేకు టోకెను ఒకటి మనిషి చేతిలో పెట్టి, అదే నంబరు సుద్దముక్కతో సీటు మీద రాయాలి. పని తేలికే. కష్టమల్లా గోడ అవతల పాటలు వినబడుతుంటే ఇవతల నిలబడటం!

జూన్‌లో కాలేజీ తెరిచారు. మానేస్తానని అమ్మకు చెప్పినవాణ్ణి మానలేదు. సాయంత్రం ఆటలకు మాత్రం వెళ్లేవాణ్ణి. జులై 9న 'సింహాద్రి' వచ్చింది. చిన్న ఎన్టీఆర్, రాజమౌళికి రెండో చిత్రం, కీరవాణి సంగీతం. స్టాండు నిండిపోయి సైకిళ్లు రోడ్డు మీదకు వచ్చేవి. లోపల ఈలలు, బయట నేను! నాలుగో రోజు ఫస్టు షోలో ఉండబట్టలేకపోయాను. గేటుకు గొలుసు తగిలించి, తాళం వేయకుండా లోపలికి దూరాను. ఒక్క పాట... అంతే!

ఆట వదిలాక అందరూ వెళ్లిపోయారు. ఒక పెద్దాయన మిగిలాడు. చేతిలో 64వ నంబరు టోకెను. స్టాండులో సైకిలు లేదు.

ఆయన పాలు పోసుకునే మనిషి. సైకిలుకు బిందెలు తగిలించే కొక్కేలు కూడా ఉండేవి. ఆయన అరవలేదు, తిట్టలేదు. "పొద్దున నాలుగింటికి బయల్దేరాలి బాబూ" అని మాత్రం అన్నాడు. స్టాండు కాంట్రాక్టరు "కుర్రాడి తప్పుకు నాదా పూచీ?" అని చేతులు దులిపేసుకున్నాడు. ఎవరో మా ఇంటికి కబురు చేశారు.

నాన్న సైకిలు మీద వచ్చాడు. కొట్టు మూసి అన్నానికి కూర్చున్నవాడు లేచి వచ్చాడని చెయ్యి చూస్తే తెలిసింది.

"ఎక్కడున్నావురా?"

"లోపల."

"ఎంతసేపు?"

"ఒక్క పాట, నాన్నా."

నాన్న ఇంకేమీ అడగలేదు. తన సైకిలు తాళం చెవి తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు.

"వద్దండీ, రేపో మాపో దొరుకుద్దేమో" అన్నాడాయన.

"దొరికితే చూద్దాం. పొద్దున పాలు ఆగవుగా. కొట్టుకు నేను నడిచైనా పోతాను."

ఇద్దరం నడిచే ఇంటికి బయల్దేరాం. కాలువ వంతెన మీదకు వచ్చేసరికి ఇక ఆగలేక ఏడ్చేశాను. నాన్న కాసేపు ఆగి అడిగాడు:

"పాట బావుందా?"

"సగమే చూశాను."

నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

రీళ్ల పరుగు

ఆ సైకిలు దొరకలేదు. నాన్న మర్నాటి నుంచి మూడు కిలోమీటర్లు నడిచి కొట్టు తెరిచేవాడు. రాత్రి మళ్లీ మూడు. ఒక్కనాడూ నన్ను ఎత్తిపొడవలేదు. వానలో తడిసి వచ్చి చొక్కా పిండుకుంటుంటే, తిట్టినా బాగుండునని నాకే అనిపించేది!

స్టాండు ఉద్యోగం ఎలాగూ ఊడింది. నా మొహం చూసి జాలిపడ్డ ఒక ఆపరేటరు రీళ్లు మోసే పని ఇప్పించాడు. ఇప్పటి కుర్రకారుకు ఇది తెలియకపోవచ్చు. అప్పట్లో ఒక ప్రింటుతోనే రెండు హాళ్లలో ఆట నడిపే ఏర్పాటు ఉండేది. ఒక హాల్లో ఆట ముందు మొదలవుతుంది. అక్కడ అయిపోయిన రీలును పెట్టెలో పెట్టుకుని, హాలు వాళ్ల సైకిలు మీద రెండో హాలుకు పరిగెత్తాలి. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పోతుంది. వెయ్యడుగుల రీలంటే 11 నిమిషాలు. రెండున్నర గంటల చిత్రానికి పదమూడున్నర వేల అడుగులు! దారిలో చైను ఊడిందా, అక్కడ తెర తెల్లబోతుంది. ఆ తర్వాత జనం పాడే పాట ఏ సంగీత దర్శకుడూ కట్టలేడు!

రోజుకు 15 రూపాయలు. అన్ని వారాలూ పని ఉండేది కాదు. ఆ ఆరు నెలల్లో ఎన్ని చిత్రాలు మోశానో చెప్పలేను గానీ, ఒక్కటీ చూడలేదు. చూద్దామని కాలు లాగినా, 64వ నంబరు కళ్ల ముందు కనబడేది.

2004 సంక్రాంతికి 'వర్షం' విడుదలైంది. ఆ వారమే 800 రూపాయలకు పాత సైకిలు కొని ఇంటి ముందు నిలబెట్టాను. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. బ్రేకు నొక్కి చూశాడు. బెల్లు కొట్టాడు.

"లైటు లేదేంట్రా?" అన్నాడు.

అంతే. మర్నాడు పొద్దున్నే అద్దం ముందు తల దువ్వుకుని, ఆ సైకిలెక్కి కొట్టుకు వెళ్లాడు. వీధి మలుపు తిరిగిందాకా అమ్మా నేనూ గుమ్మంలో నిలబడే ఉన్నాం.

మొన్నటి మాట

ఇప్పుడు రీళ్లు లేవు, మోసే కుర్రాళ్లూ లేరు. బొమ్మ డిజిటల్‌గా వచ్చి ప్రొజెక్టరులో పడుతుంది. నేను సైకిళ్లు కాసిన చోట ఇప్పుడు హాలు లేదు. నాన్న కొట్టు మానేశాడు. మోకాళ్ల నొప్పి. ఆ ఆరు నెలల నడక వల్లేనంటే ఒప్పుకోడు. "వయసురా" అంటాడు.

మొన్న వెళ్లినప్పుడు సెకండ్ షోకు తమ్ముడి మోటారు సైకిలు వేసుకుపోయాను. పార్కింగులో పదహారేళ్ల కుర్రాడు చీటీలు చింపుతున్నాడు. ఇంటర్వెల్లో టీ కోసం బయటికొచ్చాను. ఆట మళ్లీ మొదలై లోపల పాట అందుకుంది. కుర్రాడి తల తలుపు వైపు తిరిగింది. పాదం తాళం వేస్తోంది!

"వెళ్లి చూసి రా తమ్ముడూ. అయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను" అన్నాను.

వాడు నన్నూ తలుపునూ బండ్ల వరసనూ మార్చి మార్చి చూశాడు.

"వద్దన్నా. బండ్లున్నాయిగా" అన్నాడు.

టీ గ్లాసు పట్టుకుని నేనూ అక్కడే నిలబడ్డాను. ఆ పాట ఇద్దరం బయటే విన్నాం.