అకాల వసంతం

కాళిదాసు కుమారసంభవం మూడో సర్గలో ఒక అకాల వసంతం ఉంది. శివుడి తపస్సు చెడగొట్టమని ఇంద్రుడు మన్మథుడిని పంపితే, అతనికి తోడుగా వసంతుడు వేళ కాని వేళ ఆ వనంలోకి దిగుతాడు. స్త్రీ పాదం తగిలితేనే పూస్తుందని కవులు నమ్మించిన అశోకం కూడా, ఆ పాదం కోసం ఆగకుండానే పూసేస్తుంది. తర్వాతి కథ తెలిసిందే. మన్మథుడు బూడిదవుతాడు. నాలుగో సర్గ నిండా రతి విలాపమే. పీహెచ్‌డీ రోజుల్లో చదివినప్పుడు నన్ను పట్టుకున్నది ఆ రతే. ఋతువును జరపాలన్నది దేవతల నిర్ణయం. అందులో ఆమె మాట లేదు, నష్టం మాత్రం ఆమెదే.

ఆ సర్గలను మళ్లీ తీయించినవి మా ఊరి వేపచెట్లు.

హిమాయత్‌నగర్ అనగానే అందరూ నారాయణగూడ పక్కనున్నది అనుకుంటారు. నేను చెప్పేది మొయినాబాద్ మండలంలోది, చిలుకూరుకు దగ్గర. 2025లో సంక్రాంతి వెళ్లిందో లేదో చలి జారిపోయింది. మోదుగలు ఆకు పూర్తిగా రాల్చకముందే అక్కడక్కడా ఎర్రబడ్డాయి. ఫిబ్రవరి నెలాఖరుకే మా చిన్నమ్మ వాకిట్లో వేపపూత రాలుతోంది. ఆ ఏడు హోళీ మార్చి 14న, ఉగాది మార్చి 30న.

'పండుగకు ముందే పూసింది' అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోలేం. మన పండుగలవి చంద్రుడి లెక్కలు. 2023లో ఉగాది మార్చి 22న వస్తే 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. ఆ పద్దెనిమిది రోజుల తేడా పంచాంగానిది, చెట్టుది కాదు. అయితే ఎండ లెక్క వేరే. వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి ఉన్న వివరాల ప్రకారం దేశంలో అప్పటిదాకా అత్యంత వేడి సంవత్సరం 2024. సగటు ఉష్ణోగ్రతలో 2025 ఫిబ్రవరి అంతకుముందరి ఫిబ్రవరులన్నిటినీ దాటింది. మామిడి సంగతే చూడండి. పూమొగ్గ కట్టడానికి దానికి చల్లని రాత్రులు కావాలి. చలి చాలకపోతే పూత రావలసిన కొమ్మకు లేతచిగురు వస్తుంది. చూడ్డానికి అదీ వసంతమే. కోయిల మురిసిపోవచ్చు గానీ కాయ ఉండదు.

చిన్నమ్మకు భూమి లేదు. గులాబీ తోటల్లో కూలికి పోతుంది. ఆ కూలంతా ఇంట్లోకే పోతుంది. ఏటా ఉగాది ముందురోజు మాత్రం వేపపూత, మామిడాకులు మూటగట్టుకుని మెహదీపట్నం రైతుబజారు దగ్గర కూర్చుంటుంది. ఏడాది మొత్తంలో తనదని చెప్పుకోగల డబ్బు ఆ ఒక్కరోజుది. ఆ ఏడు పండుగనాటికి ఆమె ఎరిగిన చెట్లన్నీ పిందె మీదున్నాయి. ముందే కోసి ఎండబెట్టుకోవలసింది కదా అన్నాను.

"ఎండింది చారుకు పనికొస్తది బిడ్డా, ఉగాది పచ్చట్ల ఎవ్వలేసుకుంటరు?"

ఆలస్యంగా పూసినవీ ఒకటి రెండు ఉన్నాయి, నీళ్లు పారే చోట. అవి ఫామ్‌హౌసుల గోడల లోపల. 1996 మార్చి 8న (మహిళా దినం నాడే, కాకతాళీయంగా) జంట జలాశయాల రక్షణకు జీవో 111 ఇచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు ఆంక్షలు పెట్టారు. 2022లో వాటిని సడలించారు. గోడలు అప్పుడూ లేచాయి, ఇప్పుడూ లేస్తున్నాయి. గేటు దగ్గర మనిషి లోపలికి రానివ్వలేదు. ఆ ఏడు ఆమె బస్సెక్కలేదు.

తోటలో ఇంకో తిప్పలు. గులాబీని మొగ్గ విచ్చకముందే కోయాలి. వెచ్చటి చలికాలంలో అది తొందరగా విచ్చుకుంటుంది, విచ్చిన పువ్వుకు గుడిమల్కాపూర్ మార్కెట్లో ధర రాదు. అందుకని కోతవేళ ముందుకు జరిగింది. నాలుగింటికి లేచే ఆడవాళ్లు మూడింటికే లేచారు. కూలి మాత్రం ఉన్నచోటే ఉంది.

జపాన్‌లో క్యోటో చెర్రీపూత తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచి దొరుకుతాయి. ఆస్థానాల వాళ్లూ, భిక్షువులూ రాసుకున్న దినచర్యల్లోంచి పరిశోధకులు వాటిని ఏరి కూర్చారు. 2021లో మార్చి 26కే నిండుగా పూసిందనీ, పన్నెండు వందల ఏళ్లకు పైగా అంత ముందుగా పూసిన దాఖలా లేదనీ అందుకే చెప్పగలిగారు. మన ప్రబంధాల్లోనూ ఋతువర్ణనలకు కొదవ లేదు. నేను చదివిన ఆ వసంతాల్లో ఒక్కదానికీ తేదీ లేదు. మావిచిగురు, కోయిల, విరహిణి... ఏ రాజ్యంలోనైనా ఒకటే వసంతం. పూలు కోసే స్త్రీలూ ఉన్నారు, పుష్పాపచయం పేరుతో, విలాసంగా. కూలికి కోసేవాళ్లు లేరు.

తేదీలు చిన్నమ్మ దగ్గరున్నాయి. ఆమె వాటిని తేదీలనదు. పెద్దకూతురి పెండ్లినాడు వేప ఇంకా పూయలేదంటుంది, పెండ్లికార్డు పెట్టెలో ఉంది. చిన్నోడి కాన్పుకు ముందు మోదుగాకు విస్తర్లు కుట్టుడు ఎప్పుడు ఆగిందో చెబుతుంది, ఆకు రాలితే గదా కుట్టుడు ఆగేది! కాన్పులు, పెండ్లిళ్లు, కూలి దొరకని వారాలు - వీటి పక్కన చెట్ల పేర్లు రాస్తూ ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. తోటి కూలి ఆడవాళ్లు ముగ్గురు వచ్చి కూర్చుంటున్నారు. చెరువు కట్ట మీది మోదుగ ఏ ఏడు సంక్రాంతికే పూసిందన్న దాని మీద మొన్న ఇద్దరికి పెద్ద గొడవే అయింది. ఒకామె కోడలు పుట్టింటికి పోయిన ఏడంటుంది, ఇంకొకామె బోరు ఎండిన ఏడంటుంది. నేను పెన్ను పట్టుకుని చిన్నమ్మ వైపు చూశాను.

"రెండూ రాయి" అంది.